ట్యాగు కట్టనిదే గడప దాటొద్దు

ఆవిడ పేరు ఇక్కడ రాయను. నా పేరు రాయాల్సిన చోట ఆవిడ రాయలేదు, చెల్లుకు చెల్లు. ఒక్కచోట మాత్రం ఆవిడ పేరు నేనే దగ్గరుండి పెద్ద పెద్ద అక్షరాలతో రాయించాను. అదెక్కడో చివర్లో చెబుతాను.

మేమంతా పెద్ద మేడమ్ అనేవాళ్లం. లింగంపల్లి దాటాక ఉన్న ఒక మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో కాన్పుల విభాగానికి చాలా ఏళ్లు హెడ్డు. నేను అక్కడే పీజీ చదివి, అక్కడే పాతుకుపోయి, ఇప్పుడు ప్రొఫెసర్ని. ఆవిడ పోయారన్న మెసేజ్ వచ్చేసరికి ఖాజాగూడ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉన్నాను. మా డిపార్ట్‌మెంట్ గ్రూపులో దండాల బొమ్మలు వరసగా వచ్చిపడుతున్నాయి. మధ్యలో ఎవరో "మన రీసెర్చ్‌కి తల్లి లాంటివారు" అని పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. వెనక కారువాడు హారన్ కొడుతూనే ఉన్నాడు, నేను బండి కదపలేదు. తల్లట! ఎవరికమ్మా తల్లి?

పోయినవాళ్ల గురించి చెడ్డగా మాట్లాడకూడదంటారు. ఆ మాటన్న పుణ్యాత్ముల కష్టాన్ని ఎవరూ ఎత్తుకుపోయి ఉండరు. నేను మాట్లాడతాను. అబద్ధాలు మాత్రం ఆడను. ఆవిడ గురించి అబద్ధాలు ఆడాల్సిన అవసరం లేదు.

ముందు పెన్నుల సంగతి. రౌండ్స్‌కి వచ్చేటప్పుడు ఆవిడ దగ్గర పెన్ను ఉండదు. "ఏయ్, జర పెన్నియ్యే" అని చెయ్యి చాపేది. సంతకం పెట్టాక ఆ పెన్ను నేరుగా ఆవిడ తెల్లకోటు జేబులోకి పోయేది. అడిగే దమ్ము ఎవరికుంది? అందుకని మేమంతా క్యాపు తీసి చేతిలో పెట్టుకుని ఒట్టి పెన్ను ఇచ్చేవాళ్లం. క్యాపు లేకపోతే తిరిగిస్తుందని ఆశ. ఇచ్చేది కాదు. కోటు జేబంతా నీలం మరకలు పడినా సరే, పెన్నులు అక్కడే ఉండేవి. మా దగ్గర క్యాపులు, ఆవిడ దగ్గర పెన్నులు. ఒకసారి నేను పెన్నుకి దారం కట్టి మెడలో వేసుకుంటే, దారంతో సహా లాక్కుని, "మంచిగుందే ఈ ఐడియా" అని తన మెడలో వేసుకుని వెళ్లిపోయింది. అప్పుడు అందరం పడీ పడీ నవ్వాం. ఆ నవ్విన నోటితో తర్వాత చాలా తిట్టుకున్నాను లెండి.

గంజి పెట్టిన నూలు చీర, నుదుట రూపాయి కాసంత బొట్టు, గొంతు మాత్రం వార్డు ఈ చివర నుంచి ఆ చివరకి. మా లేబర్ రూమ్‌లో ఒక మంచం మీద నొప్పులు పడుతూనే ల్యాప్‌టాప్ మూయని సాఫ్ట్‌వేర్ అమ్మాయి, పక్క మంచం మీద అలాంటి ఆఫీసులకే ఇటుకలు మోసిన కూలీ అమ్మాయి. ఇద్దరినీ ఒక్కలాగే తిట్టేది. "ఇగ చాలు, ఆ డబ్బా బంద్ జెయ్. నీ మేనేజరొచ్చి కంటడా?" అని ఒకరిని. "ఇంత దాక ఏం జేస్తున్నవే? ఉమ్మనీరు పోయినంక వస్తవా?" అని ఇంకొకరిని. చేతులు మాత్రం, చెప్పక తప్పదు, దేవుడు తీరిగ్గా కూర్చుని చేసిన చేతులు. అడ్డం తిరిగిన బిడ్డని పైనుంచి పొట్టమీద చెయ్యి ఆనించి, మాటల్లో పెట్టి, మెల్లగా తిప్పేసేది. తల్లికి సంగతి తెలిసేలోపు పని అయిపోయేది.

ఇక ట్యాగు. మా దగ్గర బిడ్డ పుట్టగానే చేతికి ఒక పట్టీ కడతాం. దాని మీద బేబీ ఆఫ్ అని రాసి తల్లి పేరు రాస్తాం. తండ్రి పేరు కాదు, ఇంటి పేరు కాదు, తల్లి పేరు. ఒక రోజు రెండు కాన్పులు ఒక్కసారే అయ్యాయి. కొత్త నర్సు కంగారులో ట్యాగు కట్టకుండానే ఒక బిడ్డని తుడవడానికి పక్క గదికి తీసుకెళ్లబోయింది. పెద్ద మేడమ్ వెళ్లి తలుపుకి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడింది. ఆ బిడ్డ మా యాజమాన్యానికి చుట్టాలబ్బాయి బిడ్డ. బయట వాళ్లంతా గోల. ఆవిడ కదిలితేనా! "తల్లి పేరు చేతికి కట్టనిదే బిడ్డ ఈ గడప దాటొద్దు. రాజు బిడ్డ గానీ, కూలోళ్ల బిడ్డ గానీ" అంది. ట్యాగులు కట్టించి, ఆ ఇద్దరు తల్లుల చేతా వాళ్ల పేర్లు పైకి చదివించి, అప్పుడు పక్కకి జరిగింది. ఆ రోజు ఆవిడ మీద నాకు కలిగిన గౌరవం ఎంతంటే, ఈవిడ కోసం ఏ పనైనా చేస్తాననుకున్నాను. చేశాను కూడా. అదే కదా నా ఖర్మ.

ఆ రోజుల్లో మా డిపార్ట్‌మెంట్‌లో కాన్పులకి లోటు లేదు, పరిశోధనే లేదు. తనిఖీకి వచ్చినవాళ్లు మొహం మీదే అనేసి పోయారు, మీ దగ్గర పేపర్లేవి, ఇలా అయితే పీజీ సీట్లకే ఎసరు అని. యాజమాన్యం బెదిరిపోయింది. పెద్ద మేడమ్ బెదరలేదు. విరిగిన ఉయ్యాలతొట్లు, తుప్పు పట్టిన స్టాండ్లు పడేసిన గది ఒకటుంటే, చీర కుచ్చిళ్లు ఎగదోపి తానే చీపురు పట్టింది. మేం చూస్తూ నిలబడితే బాగుండదని మేమూ పట్టాం. అదే మా రీసెర్చ్ రూమ్. ప్రతి బుధవారం అక్కడ మీటింగ్, తోడుగా మిరపకాయ బజ్జీలు. "కేసులు చూస్తే ఒక్క పేషెంటుకు డాక్టరైతవ్. లెక్క తేల్చి రాస్తే నువ్వు జూడని పేషెంటుకు గూడ డాక్టరైతవ్" అనేది. మంచి మాట. ఇప్పటికీ నా పీజీలకి చెబుతాను, ఎవరన్నారో చెప్పకుండా.

అలాంటి ఒక బుధవారం నేను నోరు తెరిచాను. కాన్పయ్యాక రక్తం ఎంత పోయిందో మేం కంటితో చూసి రాసేవాళ్లం. చూసి అంటే ఏముంది, రిజిస్టర్లో పై కేసుకి ఏ అంకె ఉంటే కింది కేసుకీ అదే అంకె. అంతా మామూలే అని మేం రాసిన తల్లి మధ్యాహ్నానికి సున్నంలా పాలిపోయి ఉండేది. "గుడ్డలు తూచి చూద్దాం మేడమ్. తడిసిన బరువులోంచి పొడి బరువు తీసేస్తే పోయిన రక్తమెంతో తెలిసిపోతుంది. మన కళ్లు ఎంత తప్పు చెబుతున్నాయో కూడా తేలుతుంది" అన్నాను. నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, కానీ మా ఆస్పత్రిలో అప్పటిదాకా ఎవరూ చేసిన పాపాన పోలేదు. ఆవిడ బజ్జీ కొరకడం ఆపి నా వంక చూసింది. "నీకు బుర్రుందే" అంది. నాకు ఏనుగెక్కినట్టయింది.

ఇంట్లో ఆవకాయ కారం తూచుకునే కాటా ఉంటే పట్టుకొచ్చాను. అమ్మ ఫోన్‌లో ఒకటే సణుగుడు, రక్తపు గుడ్డలు తూచింది ఇక వంటింట్లోకి రానివ్వనని. కాన్పు తర్వాత కాన్పు, గుడ్డ తర్వాత గుడ్డ. ఇంటికెళ్లి అన్నం కలుపుతుంటే చేతులకి ఇంకా ఆ వాసనే. పండగలన్నీ ఆ గదిలోనే అయ్యాయి. రాయడం కూడా నేనే రాశాను. ఆవిడ దగ్గర కూర్చుని రెండు సార్లు దిద్దింది, బాగా దిద్దింది, కాదనను. "ఇగ నేను పంపిస్త తియ్" అంది. సరే అన్నాను.

అచ్చయ్యాక చూస్తే మొదటి పేరు ఆవిడది. పోనీ పెద్దావిడ కదా అనుకోవచ్చు. రెండో పేరు ఆవిడ కోడలిది. వేరే కాలేజీలో చర్మవ్యాధుల డాక్టరు! మా లేబర్ రూమ్ తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా తెలియని మనిషి! ప్రమోషన్‌కి ఒక పేపరు తక్కువైందట. నా పేరు కోసం పైనుంచి కిందికి వెతికాను. ఆఖర్న ఒక వాక్యం ఉంది, సహకరించిన పీజీలకు కృతజ్ఞతలు అని. ఆ "పీజీలు" అన్న మాటలో బహువచనం అయి కూర్చున్నది నేనే.

అడగడానికి వెళ్లాను. ఆవిడ ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుకుంటోంది.

"ఏందే సుజాతా, గట్ల మొహం మాడ్చుకున్నవ్? కూసో, చాయ్ తాగు."

"పేపర్లో నా పేరు లేదు మేడమ్."

"ఉన్నది గదా కింద, పీజీలని."

"అది నా స్టడీ మేడమ్."

నవ్వింది. కోపం వస్తే బాగుండేది, నవ్వింది. "పిచ్చిదానా. మంత్రసానికి చీర పెడ్తరు. బిడ్డకు మంత్రసాని పేరు పెడ్తరా? బిడ్డ డిపార్ట్‌మెంటుది. నీకు ముందు ముందు మస్తున్నయ్, ఫికర్ జెయ్యకు. చాయ్ సల్లగైతుంది, తాగు."

కన్నది నేను. నన్ను పట్టుకుని మంత్రసాని అంది. పోనీ ఆ చీరైనా పెట్టిందా అంటే అదీ లేదు. చాయ్ తాగకుండా లేచి వచ్చేశాను. ఆ రోజు నుంచి ఆవిడ రిటైరయ్యేదాకా ఆవిడ ముందు చాయ్ ముట్టలేదు. ఆవిడ గమనించిందో లేదో తెలియదు, నేను మాత్రం మానలేదు.

అయితే ఇక్కడ ఇంకోటి చెప్పాలి. చెప్పకపోతే నాకూ ఆవిడకీ తేడా ఉండదు. ఆ తర్వాత నా కాన్పు అదే లేబర్ రూమ్‌లో అయింది, పురుడు పోసింది ఆవిడే. బిడ్డ బయటపడ్డాక నాకు రక్తం ఆగలేదు. చుట్టూ ఉన్నవాళ్లు "మామూలే మేడమ్, ఎక్కువేం పోలేదు" అంటున్నారు. నాకు కళ్లు మూతలు పడుతున్నాయి. "మామూలా? నీ కండ్లు మామూలు! కాటా తే!" అని ఆవిడ అరిచిన అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. గుడ్డలు తూచారు. నా కాటా మీద, నా పద్ధతిలో, నా గుడ్డలు. బరువు చూసిన మరుక్షణం ఆవిడ చేతులు పనిలో పడ్డాయి. రక్తం ఎక్కించారు, నేను బతికాను. కళ్లు తెరిచేసరికి ఆవిడ నా కూతురి మణికట్టుకి తనే ట్యాగు కడుతోంది. నా మొహం ముందుకి తెచ్చి, "సదువు" అంది. బేబీ ఆఫ్ సుజాత. పైకి చదివాను. "ఇగ తీస్కపోండి" అంది.

అంతా అవాక్కయి చూశారు, మేడమ్ ఎంత గొప్పదీ అని. నేను పడుకుని ఒకటే అనుకున్నాను. నా కూతురి చేతికి నా పేరు కట్టడం తెలిసిన మనిషికి, నా పేపరుకి కట్టడం తెలియకనా? తెలుసు. శుభ్రంగా తెలుసు. అందుకే నా కోపం తగ్గలేదు, ఇంకా ముదిరింది. ప్రాణం నిలబెట్టినందుకు దణ్ణం పెట్టాను. ఆ దణ్ణం వేరు, ఈ పగ వేరు.

ఆవిడ పోయిన వారానికి మాదాపూర్‌లో ఒక హోటల్ హాల్లో సంతాప సభ పెట్టారు. దానికి ముందు రోజు మా డైరెక్టర్ గారు నన్ను గదికి పిలిచారు. పక్కనే శిరీష నిలబడి ఉంది. శిరీష మా పీజీ, సిద్దిపేట పిల్ల. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వెనక రేకుల గదుల్లో ఉండే కూలీ ఆడవాళ్లు కాన్పుకి ఎందుకంత ఆలస్యంగా వస్తున్నారో తెలుసుకోవాలని ఆదివారాలన్నీ ఆ బురదలో తిరిగింది. పేపరు రాసింది. పంపడమే తరువాయి.

"సుజాత గారూ, ఒక మంచి ఆలోచన వచ్చిందండి" అన్నారు డైరెక్టర్ గారు. "మన డిపార్ట్‌మెంట్ నుంచి వెళ్లే ఈ పేపర్లో మేడమ్ గారి పేరు మొదట పెడదాం. నివాళిగా. వాళ్ల కోడలు గారి కోరిక కూడానండి అది. ఆవిడ పేరు కూడా పక్కన ఉంటే కుటుంబానికి గౌరవంగా ఉంటుంది."

మేడమ్ ఆ రేకుల గదుల వైపు ఒక్క అడుగు వేయలేదు. శిరీష ఈ పని మొదలుపెట్టేసరికే రిటైరై మంచాన ఉన్నారు. పోయినవాళ్లకి పూలదండ వేస్తారు, ఫొటో పెడతారు, అన్నదానం చేస్తారు. బతికున్న పిల్ల చేతిలోంచి పేపరు లాగి దండలా వేసే ఆచారం మా కాలేజీకే చెల్లింది. పైగా ఆయన మొహం చూస్తే నిజంగా మంచి పని చేస్తున్నాననే అనుకుంటున్నారు!

కారిడార్లో శిరీష నా కొంగు పట్టుకున్నంత పని చేసింది. "మేడమ్, ఇగ నా పేరు మూడోదైతదా? నేనే కదా మేడమ్ తిరిగింది? కాదంటే పరీక్షల ఏమన్న జేస్తరా?" ఏడుపు ఆపుకుంటోంది. ఆ పిల్ల మొహంలో నా మొహం కనిపించింది. చచ్చి కూడా ఎత్తుకుపోతోంది మహాతల్లి, అనుకున్నాను. "రేపు సభలో మైకు నాకిస్తున్నారు. నువ్వొచ్చి ముందు కూర్చో" అన్నాను.

ఇంట్లో అద్దం ముందు తిట్లన్నీ సాపు చేసుకున్నాను. కాటా, పేపరు, కోడలు, ఉస్మానియా బిస్కెట్, ఒక్కటీ వదలకుండా. ఇన్నేళ్లు దాచుకున్నది అందరి ముందూ కక్కేద్దామనే వెళ్లాను.

హాలు నిండిపోయింది. స్టేజీ మీద ఆవిడ ఫొటో, పెద్ద బొట్టుతో, ఆ నవ్వుతోనే. ముందు వరసలో కోడలు. గుమ్మం దగ్గర బల్ల మీద సంతాప సందేశాల పుస్తకం, వెనక ఇడ్లీ వడల ఏర్పాటు. మైకు పట్టుకుని ఆ ఫొటో వంక చూశాను. నోటి దాకా వచ్చింది. అప్పుడు శిరీష కనిపించింది, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని బిగుసుకుని కూర్చుంది. ఇప్పుడు నేను తిడితే నా కడుపు చల్లబడుతుంది. జనం నాకు కుళ్లు అంటారు, డైరెక్టర్ గారు మొండికేస్తారు, ఆ పిల్ల పేపరు పోతుంది. ఛ, ఈ ముసలావిడని అంత సులువుగా ఎందుకు వదలాలి అనిపించింది.

తిట్టలేదు. పొగిడాను. ట్యాగు కథ చెప్పాను. తలుపుకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డ పెద్ద మేడమ్‌ని కళ్లకి కట్టించాను. వెనక వరసల్లో ముక్కులు ఎగబీల్చడం వినిపించింది. కోడలు కూడా కళ్లు ఒత్తుకుంది. అప్పుడన్నాను.

"మేడమ్ గారు రీసెర్చ్‌ని కూడా కాన్పుతోనే పోల్చేవారు. నాతో స్వయంగా అన్నారు. అందుకని ఆవిడ జ్ఞాపకంగా ఈ రోజు నుంచి ఒక నియమం. మన రీసెర్చ్ రూమ్‌లో ఏ స్టడీ పుట్టినా, పుట్టిన రోజే దాని తల్లి పేరు గోడ మీది బోర్డుకి ఎక్కుతుంది. ఆ పేరు ముందు ఇంకో పేరు రాదు. నాది రాదు, డైరెక్టర్ గారిది రాదు. మేడమ్‌దైనా రాదు, ఆవిడే ఒప్పుకునేవారు కాదు! తల్లి పేరు కట్టనిదే బిడ్డ గడప దాటొద్దు అన్నది ఆవిడ మాట. ఆ మాటే బోర్డు మీద రాయిస్తున్నాం. నియమానికి మేడమ్ పేరే పెడుతున్నాం. మొదటి బిడ్డ తల్లి ఇక్కడే ఉంది. శిరీషా, లేవమ్మా."

పీజీలంతా లేచి నిలబడి చప్పట్లు. ఆ పాత రోజుల్లో నాతో పాటు పెన్నులు పోగొట్టుకున్న స్నేహితురాలు ఒకతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. ఏడుస్తోందనుకుని పక్కావిడ నీళ్లిచ్చింది. డైరెక్టర్ గారు అటూ ఇటూ చూశారు. అంతమంది లేచి కొడుతుంటే ఆయనా లేచి కొట్టారు. "చాలా బాగుందండి, మేడమ్ ఆశయం" అని మైకులో ఒప్పుకున్నారు కూడా. ఇంక వెనక్కి తీసుకోవడం ఆయన తరం కాదు.

ఆ బోర్డు ఇప్పుడు మా రీసెర్చ్ రూమ్ గుమ్మం పక్కనే ఉంది. నేను ఆవిడ పేరు రాయించానన్నది దాని మీదే. పై నుంచి ఆ నవ్వే ఫొటో చూస్తూ ఉంటుంది. పీజీలు ఎవరి పేపరు ఎవరు లాక్కోబోయినా "పెద్ద మేడమ్ రూల్ ఒప్పుకోదు" అంటున్నారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అని మనవాళ్లు అంటారు చూడండి. బతికున్నప్పుడు ఇచ్చాం, చూశాం. ఇప్పుడు కాపలాకి పెట్టాను.

ఆ రోజు సభ అయ్యాక సంతాప పుస్తకం దగ్గర నిలబడ్డాను. కోడలు వచ్చింది. చుట్టూ చూసి నా వైపు చెయ్యి చాపింది. "పెన్నుందాండి?"

ఇచ్చాను. ఆవిడ రెండు వాక్యాలు రాసింది, సంతకం పెట్టింది. తలెత్తకుండానే గొంతు తగ్గించి, "మా అత్తమ్మ బతికుంటే ఈ రూలు పెట్టనిచ్చేది కాదు" అంది.

"తెలుసమ్మా. అందుకే కదా నేనిన్నాళ్లు ఆగింది" అన్నాను.

ఆవిడ మొహం ఎర్రబడింది. బ్యాగు తెరిచి, పెన్ను అందులో వేయబోయింది. నేను అరచెయ్యి చాపి ఆవిడ ముందు పెట్టాను.

"పెన్ను ఇటివ్వు. అది నాది."